‘నా వల్ల కాదు’ అనే మాట ఎక్కడ పుడుతుంది? కౌమారంలో పిల్లలు తమ దేహాన్ని అంచనా వేసుకునే తీరు

ఏ ఉన్నత పాఠశాలకైనా ఆటల పీరియడ్ సమయంలో వెళ్లి చూడండి. మైదానం నడిమధ్య ఎనిమిదో, తొమ్మిదో తరగతి మగపిల్లలు బ్యాటూ బంతీ పట్టుకుని ఉంటారు. ఆడపిల్లల్లో కొందరు ఖోఖో ఆడుతున్నా, ఎక్కువమంది చెట్టు నీడనో, వరండా మెట్ల మీదనో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు. మూడు నాలుగేళ్ల కిందట ప్రాథమిక పాఠశాల ఆవరణలో మగపిల్లలతో పోటీపడి పరుగెత్తినవారే వీరంతా. ఎందుకు ఆడటం లేదమ్మా అని అడిగితే వచ్చే సమాధానం దాదాపు ఒకటే: ‘నా వల్ల కాదండీ.’ ఇంకాస్త పరికించి చూస్తే మైదానంలో ఉన్నవారందరూ ఆడటం లేదని కూడా అర్థమవుతుంది. బక్కపలచని కుర్రాళ్లు ఒకరిద్దరు, బాగా బొద్దుగా ఉన్నవాడు ఒకడు బౌండరీ దగ్గర నిలబడి, బంతి తమవైపు రాకుంటే చాలునన్నట్టు ఉంటారు. వీరిని అడిగితే ‘నా వల్ల కాదు’ అని కూడా అనరు. నవ్వి ఊరుకుంటారు.

పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వయసును కౌమారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఈ వయసువారు సుమారు 25 కోట్ల 30 లక్షల మంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. ఈ పదేళ్లలోనే మనిషి తన దేహం గురించి రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. నేను ఎలా కనిపిస్తున్నాను? నా శరీరం ఏమేం చేయగలదు? మొదటి ప్రశ్న ఆడపిల్లలదనీ, రెండోది మగపిల్లలదనీ మన సమాజం చాలాకాలంగా పంచిపెట్టింది. నిజానికి ఇద్దరూ రెండు ప్రశ్నలతోనూ సతమతమవుతారు. చెప్పుకునే భాష మాత్రమే వేరు. ఈ ప్రశ్నలకు పిల్లలు తమకు తామే ఇచ్చుకునే సమాధానాలు ఎంతవరకు దేహాన్ని చూసి ఇచ్చినవి, ఎంతవరకు పరిసరాలను చూసి ఇచ్చినవి అన్నది పరిశీలించవలసిన విషయం.

ఎదుగుదలకు రెండు గడియారాలు

ముందుగా శరీరధర్మాన్ని చూద్దాం. ఆడపిల్లల్లో యుక్తవయసు ఎదుగుదల మగపిల్లల కంటే సుమారు రెండేళ్లు ముందుగా మొదలవుతుంది. అందుకే ఆరో, ఏడో తరగతి సామూహిక ఛాయాచిత్రాల్లో అమ్మాయిలు పొడుగ్గా, అబ్బాయిలు చిన్నపిల్లల్లా కనిపిస్తారు. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఆ దృశ్యం తారుమారవుతుంది. ఎదుగుదల ఉద్ధృతంగా ఉన్న ఏడాదిలో ఆడపిల్లలు దాదాపు 8 సెంటీమీటర్లు, మగపిల్లలు 9 నుంచి 10 సెంటీమీటర్ల వరకు పెరుగుతారు. ముందుగా పాదాలు, చేతులు, తరువాత కాళ్లు, చివరికి మొండెం సాగుతాయి. ఎముక సాగినంత వేగంగా కండబలం పెరగదు. ముఖ్యంగా మగపిల్లల్లో ఎత్తు పెరుగుదల పతాకస్థాయికి చేరిన చాలా నెలల తరువాతే కండబలం పుంజుకుంటుంది. ఆ మధ్యకాలంలో కుర్రవాడు గడప తట్టుకుని పడతాడు, గ్లాసు జారవిడుస్తాడు, నిన్నటిదాకా సులువుగా పట్టిన క్యాచ్ వదిలేస్తాడు. ‘ఒళ్లు తెలియకుండా పెరుగుతున్నాడు’ అని పెద్దలు అనే మాటలో ఎంతో నిజం ఉంది. తన అవయవాల కొలతలు మారిపోయినట్టు అతని మెదడుకు ఇంకా అలవాటు కాలేదు. ఇది కొద్ది నెలల వ్యవహారమని ఎవరూ చెప్పకపోతే, ఆట తనకు అచ్చిరాదని ఆ కుర్రవాడు తీర్మానించుకుంటాడు.

ఆడపిల్లల్లో ఈస్ట్రోజన్ ప్రభావంతో తుంటి, తొడల భాగాల్లో కొవ్వు చేరుతుంది. రుతుచక్రం సక్రమంగా సాగడానికి అది అవసరం. మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ కండను, భుజాల వెడల్పును, రక్తంలో హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. కనుక యుక్తవయసు తరువాత పరుగు వేగంలో, ముఖ్యంగా చేతుల బలంలో సగటున తేడా కనబడటం సహజం. అయితే ఈ వాస్తవానికి ఒక విచిత్రమైన పర్యవసానం ఉంది. ప్రకృతి మగపిల్లవాడికి ఇచ్చే మార్పులు సినిమా కథానాయకుడి ఆకృతి వైపు తీసుకువెళతాయి. ఆడపిల్లకు ఇచ్చే మార్పులు తెరమీది కథానాయిక ఆకృతి నుంచి దూరంగా తీసుకువెళతాయి. ఆరోగ్యంగా ఎదగడమే ఆమెకు లోపంగా తోస్తుంది. తోటివారికంటే ముందుగా ఎదిగిన ఆడపిల్లలు తమ దేహంపట్ల ఎక్కువ అసంతృప్తితోనూ, ముందుగా ఎదిగిన మగపిల్లలు ఎక్కువ సంతృప్తితోనూ ఉంటారని మనస్తత్వ పరిశోధనలు దశాబ్దాలుగా చెబుతున్నది ఇందుకే.

నడక రాకముందే మొదలయ్యే అంచనా

యుక్తవయసులో తేడా సహజమైతే, అంతకుముందు సంగతేమిటి? అమెరికాలోని న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక అధ్యయనం చిన్నదే అయినా తప్పక తెలుసుకోవలసినది. పదకొండు నెలల పసివాళ్లు పాకుతూ ఎంత వాలు ఉన్న బల్లమీది నుంచి క్షేమంగా దిగగలరో ముందే ఊహించి చెప్పమని తల్లులను అడిగారు. తరువాత పిల్లలను నిజంగానే దింపి చూశారు. ఆడశిశువులకూ మగశిశువులకూ మధ్య సామర్థ్యంలో తేడా ఏమీ లేదు. అంచనాల్లో మాత్రం ఉంది. కొడుకులున్న తల్లులు బిడ్డ శక్తిని ఎక్కువగా, కూతుళ్లున్న తల్లులు తక్కువగా ఊహించారు. ప్రేమలో ఏ లోటూ లేని తల్లులే వీరంతా. ‘జాగ్రత్త, పడతావు’ అనే మాట కూతురికి ఎన్నిసార్లు, కొడుకుకు ఎన్నిసార్లు వినబడుతుందో మన ఇళ్లలోనూ లెక్కపెట్టి చూడవచ్చు.

బడికి వచ్చేసరికి ఈ అంచనా పిల్లల సొంతమవుతుంది. ఆటల్లో తమ సామర్థ్యం ఎంతో చెప్పమంటే, ఒకటో తరగతి నుంచే ఆడపిల్లలు తమను తక్కువగా చెప్పుకుంటారని అమెరికా మనస్తత్వవేత్త జాక్వెలిన్ ఎకిల్స్, ఆమె సహచరులు గమనించారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ అబ్బాయిల్లోనూ అమ్మాయిల్లోనూ ఈ నమ్మకం తగ్గుతూ వస్తుందని తదుపరి అధ్యయనాలు చూపాయి. అంటే చాలామంది పిల్లల విషయంలో బడి అనేది ‘నాకు ఆట రాదు’ అని నేర్పే చోటుగా మారుతోందన్నమాట.

బంతి విసరడాన్నే ఉదాహరణగా తీసుకోండి. యుక్తవయసుకు ముందు పరుగు, దూకుడు వంటి చాలా పనుల్లో ఆడ, మగ పిల్లల తేడా స్వల్పం. విసరడంలో మాత్రం బాల్యంలోనే పెద్ద తేడా కనిపిస్తుందని 1985లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష పేర్కొంది. ఇది జన్మసిద్ధమే అనుకోవడానికి ఆస్కారం ఉంది. కానీ ఆస్ట్రేలియా ఆదివాసి తెగల పిల్లలను పరీక్షించినప్పుడు తేడా ఉన్నప్పటికీ ఇతరచోట్ల కంటే తక్కువగా కనబడింది. వేటకోసం విసరడం ఆ సమాజంలో స్త్రీలకూ పరిచితమైన పని. అమెరికా తాత్త్వికురాలు ఐరిస్ మారియన్ యంగ్ 1980లో ఈ విసిరే భంగిమపైనే ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఆడపిల్ల విసిరేటప్పుడు మొత్తం శరీరాన్ని వాడదు, మోచేతి నుంచి మాత్రమే విసురుతుంది. తన చుట్టూ ఉన్న చోటును తనదిగా భావించకపోవడమే అందుకు కారణమని ఆమె వాదన. కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చోవాలని, గట్టిగా నవ్వకూడదని, పరుగెత్తుకుంటూ రాకూడదని వింటూ పెరిగినవారికి ఈ వాదనను వేరుగా వివరించనక్కరలేదు.

నమ్మకానికి నాలుగు మూలాలు

ఒక పని తాను చేయగలనన్న నమ్మకం మనిషిలో ఎలా ఏర్పడుతుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించారు. ఆయన చెప్పిన మూలాలు నాలుగు. తాను స్వయంగా చేసి గెలిచిన అనుభవం అన్నిటికంటే బలమైనది. తనవంటివారే చేస్తుండగా చూడటం రెండోది. ఇతరుల మాట మూడోది. నాలుగోది తన శరీరం ఇచ్చే సంకేతాలు: గుండె దడ, ఆయాసం, వణుకు, అలసట. దక్షిణాసియా ఆడపిల్లల విషయంలో ఈ నాలుగోదాన్ని గురించి మనం చాలా తక్కువగా మాట్లాడుకుంటున్నాం. అసలు కథ అక్కడే ఉంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో ఇది 31.1 శాతం. వేలి కొన నుంచి తీసిన రక్తచుక్కతో చేసే పరీక్షలు రక్తహీనతను ఎక్కువచేసి చూపుతాయన్న వాదన ఉంది. సిర నుంచి రక్తం తీసి పరీక్షించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే (2016-18)లో 10-19 ఏళ్ల ఆడపిల్లల్లో 40 శాతం, మగపిల్లల్లో 18 శాతం అని తేలింది. ఏ అంకెను తీసుకున్నా ఆడపిల్లల భారం రెట్టింపు, లేదా దానికి దగ్గర.

హిమోగ్లోబిన్ తగ్గితే రక్తం కండరాలకు తగినంత ప్రాణవాయువును చేర్చలేదు. ఆ లోటును పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం, వంద మీటర్లు పరుగెత్తితే కళ్లు తిరగడం, మధ్యాహ్నం తరగతిలో నిద్రమత్తు, చదివింది నిలవకపోవడం దీని లక్షణాలు. ఇప్పుడు పద్నాలుగేళ్ల అమ్మాయిని ఊహించండి. పరుగుపందెంలో సగం దూరానికే గుండె గొంతులోకి వచ్చినట్టయింది. తనకు ఇనుము తక్కువగా ఉందని ఆమె అనుకోదు. తాను బలహీనురాలిననీ, ఆడపిల్లలు ఇంతేననీ అనుకుంటుంది. ఉపాధ్యాయుడు ‘సోమరి’ అంటాడు. తల్లి ‘నీకెందుకే ఆ పరుగులు’ అంటుంది. మాత్రలతో, తిండితో సరిదిద్దగలిగిన ఒక లోటు ఆ విధంగా ఆమె స్వభావంగా నమోదైపోతుంది.

ఇది ఊహ కాదనడానికి మన పొరుగుదేశంలోనే సాక్ష్యం ఉంది. 1970లలో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే స్త్రీలపై జరిగిన అధ్యయనాలలో, రక్తహీనత ఉన్నవారికి ఇనుము అందించగానే వారి కదలికలు పెరిగాయి, కోసిన ఆకు పరిమాణమూ పెరిగింది. రక్తహీనత తీవ్రంగా ఉన్నవారిలోనే ఈ మెరుగుదల స్పష్టంగా కనిపించింది. తోటలు మారలేదు, కూలీలు మారలేదు. మారింది రక్తం.

మరో విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం గంటసేపు చురుకుగా కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 146 దేశాలకు చెందిన 16 లక్షల మంది విద్యార్థుల వివరాలతో ఆ సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మందికి ఆ కదలిక లేదు. మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. ఈ విషయంలో భారత్, బంగ్లాదేశ్ పరిస్థితి చాలా ధనిక దేశాల కన్నా కాస్త మెరుగు. కారణం ఏమైవుంటుందని ఆలోచించిన పరిశోధకులు మగపిల్లల విషయంలో క్రికెట్ వంటి ఆటలను ప్రస్తావించారు. ఆడపిల్లల విషయంలో ఇంటి చాకిరీని ప్రస్తావించారు!

అంటే మన ఆడపిల్లల ఒంటిలో శక్తి లేకపోలేదు. నీళ్ల బిందె మోయడం, బట్టలు ఉతకడం, చంటిబిడ్డను చంకన వేసుకుని తిరగడం తక్కువ శ్రమేమీ కాదు. కానీ బిందె మోసిన అమ్మాయి తనను బలశాలిగా భావించుకోదు. అది పని. బలం అనేది మైదానంలో, చప్పట్ల మధ్య కొలిచేదని ఆమెకు తెలుసు. ఒకే దేహశ్రమ ఒకరికి ప్రతిభగా, మరొకరికి విధిగా పేరు మార్చుకోవడం కంటే పెద్ద అన్యాయం ఈ వ్యవహారంలో మరొకటి లేదనిపిస్తుంది.

పేర్లు పెట్టే నాలుక

బందూరా చెప్పిన మూడో మూలం ఇతరుల మాట. ఈ విషయంలో మన భాషకు లోటేమీ లేదు. పుల్ల, గడకర్ర, పొట్టోడు, బొండాం, కర్రిపిల్ల... వరసైనవారు, బంధువులు, తరగతిలోనివారు ఆప్యాయత పేరుతోనే ఇవన్నీ వాడతారు. పెళ్లికో పేరంటానికో వెళితే పదమూడేళ్ల పిల్లను పలకరించే మొదటి వాక్యం ‘ఏమ్మా, ఇంత చిక్కిపోయావు’ లేదా ‘ఏమ్మా, ఇంత ఒళ్లు చేశావు’. ఆ పిల్ల ఏం చదువుతోందన్నది రెండో ప్రశ్న. చురుకుగా గెంతే అమ్మాయిని ‘మగరాయుడు’ అంటారు. ఆ మాటలో మెచ్చుకోలూ మందలింపూ కలిసి ఉంటాయి. బంతికి భయపడే అబ్బాయిని ఏమంటారో చెప్పనక్కరలేదు. అందులో మెచ్చుకోలు లేశమైనా ఉండదు.

రంగు మాట సరేసరి. 1975 నుంచి మన దేశంలో అమ్ముడవుతున్న ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము 2020లో పేరు మార్చుకుని ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. పెళ్లి ప్రకటనల భాష మాత్రం అంత త్వరగా మారలేదు.

రూపం గురించిన అభిప్రాయం పిల్లల ఆత్మగౌరవంలో ఎంత చోటు ఆక్రమిస్తుందో అమెరికా పరిశోధకురాలు సూజన్ హార్టర్ కొలిచి చూపారు. చదువు, ఆటలు, స్నేహాలు, నడవడిక, రూపం వంటి రంగాల్లో పిల్లలు తమకు తాము ఇచ్చుకునే విలువను విడివిడిగా కొలిచే పద్ధతిని ఆమె రూపొందించారు. వీటిలో ‘మొత్తంమీద నేను మంచి మనిషినేనా’ అన్న భావనతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి కనిపించింది రూపమే. చదువులో మొదటి స్థానంలో ఉన్న పిల్ల సైతం అద్దం ముందు ఓడిపోవడం ఇలాగే జరుగుతుంది.

ఫోను ఈ అద్దాన్ని జేబులోకి తెచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ తమ దేహంపట్ల ఉన్న అసంతృప్తిని మరింత పెంచుతోందని ప్రతి ముగ్గురు కౌమార బాలికల్లో ఒకరి విషయంలో ఆ సంస్థ అంతర్గత పరిశోధనే తేల్చినట్టు 2021లో ‘వాల్‌స్ట్రీట్ జర్నల్’ పత్రిక వెల్లడించింది. పూర్వం పోలిక సినిమా తారతో. ఇప్పుడు పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలు ఫిల్టరుతో నునుపు చేసుకున్న ముఖంతో. తార మనలాంటిది కాదని సరిపెట్టుకోవచ్చు. స్నేహితురాలి విషయంలో ఆ ఊరట కూడా లేదు.

అబ్బాయిల మౌనం

మగపిల్లలకు ఈ బాధ లేదనుకోవడం పొరపాటు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఒకే తరగతిలో మూతిమీద మీసం వచ్చినవాడూ, గొంతు ఇంకా మారనివాడూ పక్కపక్కనే కూర్చుంటారు. పుట్టిన తేదీ ప్రకారం ఇద్దరిదీ ఒకే వయసు. ఎముకల పరిపక్వత ప్రకారం చూస్తే మూడు నాలుగేళ్ల తేడా ఉండవచ్చు. పాఠశాల జట్టును ఎంపిక చేసేటప్పుడు పొడుగ్గా, బలంగా ఉన్నవాడే కంటికి ఆనుతాడు. అతనికి శిక్షణ, మ్యాచ్‌లు, మెప్పు దొరుకుతాయి. ఆలస్యంగా ఎదిగేవాడు పదిహేడేళ్లకు అతని ఎత్తును అందుకుంటాడు కానీ, అప్పటికే ఆట మానేసి ఉంటాడు. ఒకే వయోవర్గంలో ఏడాది తొలినెలల్లో పుట్టినవారు ఎక్కువగా ఎంపికవుతారన్న సంగతి కెనడా హాకీ క్రీడాకారులపై 1985లో జరిగిన పరిశోధనతో వెలుగులోకి వచ్చింది. కొద్ది నెలల పెద్దరికమే ప్రతిభగా చలామణి అవుతుందన్నమాట. మన దేశంలో వయసు తగ్గించి చూపే మోసాలను అరికట్టడానికి భారత క్రికెట్ బోర్డు మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు లెక్కగట్టే పద్ధతిని వాడుతోంది. ఆ పరీక్ష మోసాన్ని పట్టుకుంటుంది. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడికి ‘ఇంకా ఆగు, నీ సమయం రానుంది’ అని చెప్పే ఏర్పాటు మాత్రం పాఠశాలల్లో లేదు.

ఇంటర్మీడియెట్‌కు రాగానే ఈ అబ్బాయిల్లో చాలామంది జిమ్ముల బాట పడుతున్నారు. వ్యాయామం మంచిదే. ఇబ్బంది అద్దంతో, దానికి పక్కనే అరలో ఉండే పొడి డబ్బాలతో. పిల్లలు ఆడుకునే సైనిక బొమ్మల భుజాలు, ఛాతీ దశాబ్దాల కాలంలో మనుషులకు సాధ్యం కానంతగా ఎలా ఉబ్బుతూ వచ్చాయో అమెరికా మానసిక వైద్యుడు హారిసన్ పోప్ 1999లో కొలిచి చూపారు. ఎంత కండ పెంచినా తాను బక్కగానే ఉన్నానన్న వ్యాకులతను 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం ఒక రుగ్మత రూపంగా గుర్తిస్తోంది. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులను వాడవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో సూచించింది. కోడిగుడ్డు, పప్పు, పాలు, వేరుశనగ చేసే పని గురించి ఆ సంస్థ ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉంది. వైద్యుని సలహా లేకుండా తీసుకునే స్టెరాయిడ్ల సంగతి మరింత గంభీరమైనది. ఇంకా ఎదుగుతున్న కుర్రవాడిలో అవి ఎముకల చివర్లలోని ఎదుగుదల పలకలను ముందే మూసివేయగలవు. ఎత్తు అక్కడితో ఆగిపోతుంది. వృషణాలు కుంచించుకుపోవడం, మొటిమలు, అకారణ కోపం, కాలేయంపై భారం వంటివి దానికి తోడు. మగవాడిగా కనిపించాలన్న ఆతృత పురుష హార్మోను సహజ ఉత్పత్తినే దెబ్బతీయడం ఇందులోని విషాదం.

ఆడపిల్ల కనీసం స్నేహితురాలితో ‘నేను లావయ్యానే’ అని చెప్పుకోగలదు. మగపిల్లవాడికి ఆ వాక్యం కూడా అందుబాటులో లేదు.

చేసి చూసినవారు

అన్నిటికంటే బలమైన మూలం స్వానుభవమని చెప్పుకున్నాం. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరం చేరింది. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతుండగా ఆమెను భువనగిరి కొండపై శిలారోహణ శిక్షణకు ఎంపిక చేశారు. తరువాత డార్జిలింగ్, లడఖ్. ఖమ్మం జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఆమెతోపాటే శిఖరం అధిరోహించాడు. భువనగిరి గుట్టకు వెళ్లకముందు ‘నువ్వు కొండ ఎక్కగలవా’ అని పూర్ణను అడిగితే ఆమె వద్ద సమాధానం ఉండే అవకాశమే లేదు. ఆ దేహంలో ఏముందో ఆమెకూ తెలియదు, ఊరికీ తెలియదు. తాడు, శిక్షకుడు, మెట్టుమెట్టుగా పెరిగే కష్టం ఉన్నప్పుడే అది బయటపడింది.

తనవంటివారిని చూడటం అనే రెండో మూలానికి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్ జిల్లా కల్సిందూర్ గ్రామం నిదర్శనం. ప్రాథమిక పాఠశాలల బాలికల కోసం ఆ దేశ ప్రభుత్వం 2011లో ఫుట్‌బాల్ పోటీలు ప్రారంభించింది. కల్సిందూర్ బడి పిల్లలు అందులో గెలవడం మొదలుపెట్టారు. అక్కలు ఆడుతుంటే చెల్లెళ్లు చూశారు. ఆ ఒక్క గ్రామం నుంచే పలువురు జాతీయ జట్టుకు వెళ్లారు. 2022 సెప్టెంబరులో కాఠ్‌మాండూలో జరిగిన దక్షిణాసియా మహిళల ఫుట్‌బాల్ ఫైనల్‌లో బంగ్లాదేశ్ 3-1తో నేపాల్‌ను ఓడించింది. ఆ ఊరి నీటిలో ప్రత్యేకత ఏమీ లేదు. ఆడపిల్ల బంతిని తన్నడం అక్కడ వింత కాకుండా పోయింది, అంతే.

ఆ వింత తొలగని చోట ఎలా ఉంటుందో హర్యానా అమ్మాయి షెఫాలీ వర్మ కథ చెబుతుంది. రోహ్‌తక్‌లో అమ్మాయిలకు క్రికెట్ శిక్షణ దొరక్క ఆమె జుట్టు కత్తిరించుకుని అబ్బాయిలా ఆడింది. పదిహేనేళ్లకే, 2019లో, భారత జట్టులోకి వచ్చింది. ఆమె దేహం ఆటకు సిద్ధంగానే ఉంది. సిద్ధంగా లేనిది మైదానం.

మైదానమంటే స్థలం ఒక్కటే కాదు. రుతుస్రావం రోజుల్లో మార్చుకోవడానికి శుభ్రమైన గది, నీరు, ఒంటికి సరిపోయే లోదుస్తులు, మరక కనిపించని రంగు దుస్తులు కూడా మైదానంలో భాగమే. పన్నెండేళ్ల తరువాత ఆడపిల్లలు ఆటకు దూరమవుతున్నారని బాధపడే పాఠశాలలు తెల్ల యూనిఫాం మార్చాలన్న ఆలోచన ఎందుకు చేయవో తెలియదు.

ప్రభుత్వ పద్ధతుల్లోనూ పాత అంచనాలు దాగి ఉంటాయి. ఖేలో ఇండియా కార్యక్రమం కింద తొమ్మిదేళ్లు దాటిన విద్యార్థులకు నిర్వహించే దేహదారుఢ్య పరీక్షల్లో 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు అందరికీ ఒకటే. దండీల దగ్గరికి వచ్చేసరికి మగపిల్లలకు మామూలు దండీలు, ఆడపిల్లలకు మోకాళ్లు నేలకు ఆనించి తీసే తేలిక దండీలు. పదహారేళ్లవారి విషయంలో దీనికి శరీరధర్మపరంగా సమర్థన ఉంది. తొమ్మిది, పదేళ్ల పిల్లల విషయంలో అంతటి సమర్థన లేదు. మోకాలు ఆనించమని మొదటిరోజే చెప్పాక, ఆనించకుండా ప్రయత్నించే పిల్లలు ఎందరుంటారు?

ఇప్పటికే ఉన్న ఏర్పాట్లు

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కొత్తగా వెతుక్కోవలసినవి పెద్దగా లేవు. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు వారానికొకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉన్న నీలిరంగు మాత్రను ప్రభుత్వ పాఠశాలల్లో, అంగన్‌వాడీ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఒక మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. భోజనం తరువాత వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం కలుగుతుంది. ఆ భయంతోనే చాలామంది దాన్ని కిటికీలోంచి పారేస్తుంటారు. వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మ, ఉసిరి, జామ పట్టేందుకు తోడ్పడతాయి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో జరిగే జాతీయ నులిపురుగుల నివారణ దినాల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర కూడా రక్తహీనతను తగ్గించే ప్రయత్నంలో భాగమే. రక్తహీనత తీవ్రంగా ఉంటే వారానికొక మాత్ర చాలదు, వైద్యునికి చూపించాలి.

సీబీఎస్‌ఈ పాఠశాలల్లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఆరోగ్య, వ్యాయామ విద్యకు రోజుకొక పీరియడ్ కేటాయించాలని 2018-19లో ఆదేశించారు. పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడ్ గణితానికి వెళ్లిపోవడం మనందరికీ తెలిసిన విషయమే. పిల్లలు భోజనం మానేయడం, తిన్న వెంటనే స్నానాల గదిలోకి వెళ్లి వాంతి చేసుకోవడం, అద్దం ముందు గంటలు గడపడం లేదా అద్దానికి పూర్తిగా మొహం చాటేయడం, ఎండాకాలంలోనూ ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకోవడం వంటివి కనిపిస్తే కోప్పడకుండా మాట్లాడాలి. ‘టెలీ మానస్’ సహాయ కేంద్రం 14416 నంబరులో ఇరవైనాలుగు గంటలూ, తెలుగులోనూ అందుబాటులో ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవకు రుసుము లేదు.

నీలిరంగు మాత్ర మీ ఊరి బడిలో ఏ వారం ఇస్తున్నారో, మీ పిల్లలు దాన్ని మింగుతున్నారో లేదో ఈ రాత్రి భోజనాల దగ్గర అడిగి తెలుసుకోవచ్చు. ఆటల పీరియడ్‌లో ఎక్కడ నిలబడుతున్నారన్నది కూడా.